సియాటిల్ నగరమున నొక తోట, ఒక గది

మా అమ్మాయి సియాటిల్ నగరమున కాపురముండబట్టి పదునెనిమిది సంవత్సరములైనది. 2025 ఏప్రిల్ నెలాఖరున నేను మూడవమారు అచటికి పోయి, అక్టోబరు మాసమున మరల తెనాలి చేరితిని. అమెరికాకు పోయివచ్చినవారు మేడల యెత్తును గూర్చియు, అంగళ్ల వైభవమును గూర్చియు వ్రాయుచునే యున్నారు. సోదరీమణులు అవి చదివి చదివి విసిగియుందురు. నేను వ్రాయబోవునది ఒక తోటను గూర్చియు, ఒక పాఠశాలలోని చిన్న గదిని గూర్చియు మాత్రమే. ఈ రెండును ఆ యూరివారు కట్టు పన్నులమీద నడచుచున్నవి. తోటను నేను కోరి చూచితిని. గదితో మాకు కలిగిన సంబంధము మాత్రము నేను కోరి తెచ్చుకొన్నది కాదు.

ఒక వంక సముద్రపు పాయయు, మఱియొక వంక వాషింగ్టను అను పెద్ద సరస్సును గల సన్నని నేలమీద, గుట్టలెక్కుచు దిగుచు కట్టిన నగరమిది. మబ్బు లేని దినమున దక్షిణ దిక్కున రెయినియర్ పర్వతము వరిపిండి కుప్ప పోసినట్లు తెల్లగా కనబడును. అట్టి దినమున అచటివారు ఒకరితో నొకరు "కొండ బయటికి వచ్చినది" అని చెప్పుకొందురు. చలికాలమంతయు సన్నని తుంపర. జూను మాసమున మాత్రము రాత్రి తొమ్మిది గంటల వఱకు వెలుగే. దీపము పెట్టు వేళ యెప్పుడో తెలియక, నేను మొదటిమారు పోయినపుడు గడియారమునే నమ్ముకొంటిని.

మా అమ్మాయి యింటికి నడచిపోవునంత దూరమున, వెడ్జ్‌వుడ్ అను పేటలో, పికార్డో తోట కలదు. విస్తీర్ణము సుమారు రెండెకరములు. అందు రెండువందలకు మించిన మళ్లున్నవి. ఒక్కొక్క కుటుంబమువారు ఒక్కొక్క మడిని సాగుచేసికొందురు. ఇట్టి తోటలను అచట "పీ-ప్యాచ్" లందురు. ప్యాచ్ అనగా మడి. బఠాణీని ఇంగ్లీషున పీ అందురు గనుక, ఇది బఠాణీమడి కాబోలునని నేను చాలకాలము అనుకొనుచుంటిని. కాదట. ఆ మొదటి అక్షరము పికార్డో వారిది. వారు ఇటలీ దేశమునుండి వచ్చి, ఆ నల్లరేగడివంటి నేలలో కూరగాయలు పండించి అమ్ముకొని బ్రతికిన కుటుంబమువారు.

ఈ తోట పుట్టిన కాలము మంచికాలము కాదు. సియాటిల్ నగరమునకు విమానములు కట్టు బోయింగ్ కర్మాగారమే ఆనాడు అన్నదాత. 1967లో లక్షమంది పనివారున్న ఆ సంస్థలో 1971 నాటికి నలువదివేలమంది యైనను మిగులలేదు. ఇండ్లు అమ్ముకొని పోవువారు పోయిరి. మిగిలినవారిలో పస్తులుండు కుటుంబములు హెచ్చినవి. ఆ దినములలో, 1970లో, డార్లిన్ రుండ్‌బెర్గ్ డెల్ బోకా అను విశ్వవిద్యాలయ విద్యార్థిని రెయినీ పికార్డో గారి యొద్దకు పోయి, వారి పొలములో కొంత ముక్కను అడిగినది. ఆ పేట ప్రాథమిక పాఠశాల పిల్లలచేత కూరలు పండింపించి ఆకలిగొన్న యిండ్లకు పంపవలెనని ఆమె సంకల్పము. పిల్లలకు సాయము వచ్చిన తల్లిదండ్రులకు పొలము అంచున చిన్నచిన్న మళ్లు ఇచ్చిరి. అదియే ఆరంభము. 1973లో పురపాలకసంఘమువారు ఆ భూమికి కట్టవలసిన పన్ను యెంతయో అంత సొమ్మును కౌలుగా నిచ్చుటకు ఒప్పుకొని, కొలదికాలమునకు భూమినే కొనివేసిరి. నేడు నగరమంతటను ఇట్టివి సుమారు తొంబది తోటలున్నవి.

పురపాలకసంఘము సాగుచేయించు తోట యనగానే నాకు మన యూరి పార్కు కన్నులకు గట్టినది: తుప్పుపట్టిన ఉయ్యాల, ఎండిన గడ్డి, మంత్రిగారి పేరుగల శిలాఫలకము. ఇచట శిలాఫలకము నాకు కానరాలేదు. మడి తీసికొన్నవారు సంవత్సరమునకు కొంత రుసుము చెల్లింపవలెను. ఎనిమిది గంటలు ఉమ్మడి పనికి, అనగా బాటలు బాగుచేయుటకో, ఎరువుకుప్ప తిరుగవేయుటకో రావలెను. రసాయనపు మందులు చల్లరాదు. పండినదానిలో కొంత ఆ యూరి అన్నదాన భాండాగారములకు పోవును. దానికొఱకు ప్రత్యేకముగా కొన్ని మళ్లే విడిచియుంచిరి. మా అమ్మాయికి మడి దొరకుటకు రెండేండ్లకు పైగా వేచియుండవలసివచ్చినది. కూతురు పుట్టినప్పుడు కాన్పు గదికొఱకు కూడ ఇంత వేచియుండలేదని మా అల్లుడుగారు పరిహాసమాడుదురు.

ఈ తోటలకు డబ్బు పలు దారుల వచ్చుచున్నది. 2008లో ఓటర్లు ఒప్పుకొన్న ఉద్యానముల పన్నులో కొంత భాగము క్రొత్త తోటలకు కేటాయించిరి. 2018 జనవరి మొదలు చక్కెర కలిపిన పానీయములపై ఔన్సుకు ఒకటిముప్పాతిక సెంటు పన్ను వేసి, అందులోను కొంత తోటల మరమ్మతులకు నిచ్చిరి. తీపినీళ్లు త్రాగువాని చేతినుండి పుచ్చుకొని తోటకూర పాదునకు పోయుట! ఈ యేర్పాటు నాకు మిక్కిలి నచ్చినదని ఒప్పుకొనుచున్నాను.

నేను తెనాలినుండి గోంగూర గింజలు పట్టుకొనిపోవలెననుకొంటిని గాని, విమానాశ్రయమున గింజలకు అనుమతి చిక్కని మా అమ్మాయి వలదన్నది. అచటనే కొని మేమాసములో చల్లితిమి. జూలై మాసము వచ్చినను జానెడు మించి యెదుగలేదు. ఆ నేలకు కావలసినంత సారమున్నను గోంగూరకు కావలసిన యెండ లేదు. బచ్చలియు అంతే, అలిగిన ఆడుబిడ్డవలె ఒక మూలనే ముడుచుకొని కూర్చున్నది. మెంతికూర, కొత్తిమిర, బఠాణీ మాత్రము ఇచ్చి ఇచ్చి అలసిపోయినవి. మా ప్రక్క మడి ఇథియోపియా దేశపు వనితది. ఆమెకు నా భాష రాదు, నాకు ఆమె భాష రాదు. కొత్తిమిర కట్టలు ఇచ్చి పుచ్చుకొనుటకు భాష అవసరపడలేదు.

ఇక గది సంగతి.

నా మనుమరాలికి పదునైదేండ్లు. అంతకు ముందు నేను పోయినపుడు, "అమ్మమ్మా, కథ చెప్పవా" అని నా ప్రక్కనే పరుండెడిది. ఈమారు గది తలుపు వేసికొని యుండెను. భోజనమునకు పిలిచినచో వచ్చును. అన్నము కలుపుచు కూర్చుండును. నాలుగు మెతుకులు తిని లేచిపోవును. కంటి క్రింద నల్లని చారలు. "పరీక్షలమ్మా" అని మా అమ్మాయి చెప్పినది. నేనును పరీక్షలే యనుకొంటిని. మనకు తెలిసిన పేరు ఏదైనను దొరకినచో ఆ పేరు పెట్టి ఊరకుండుట సులువు గదా.

మేనెలలో ఒక ఆదివారము బట్టలు ఉదుకుటకు వేయుచుండగా ఆ పిల్ల జేబులో ఒక చీటి దొరకినది. పాఠశాలవారి చీటి: మంగళవారము, పది గంటల నలువది నిమిషములకు, ఆరోగ్యకేంద్రము. మా అమ్మాయి చేయి వణికెను. పిల్లను పిలిచి అడుగగా, తల యెత్తకయే, "కౌన్సిలరుతో మాట్లాడుచున్నాను. మార్చినుండి పోవుచున్నాను" అన్నది.

నాకు తెలిసిన కౌన్సిలర్లు మా వార్డువారు. "కౌన్సిలరుతో నీకేమి పనే తల్లీ? కుళాయి రాలేదా?" అని అడిగితిని. పిల్ల ఒక్కసారి నవ్వెను. నేను పోయిన తరువాత ఆ పిల్ల నవ్వుట అదియే మొదటిసారి. నా అజ్ఞానము ఆ పాటికైనను ఉపయోగపడినది.

మనసులోని బాధను విని, దారి చూపుటకు శిక్షణ పొందినవారిని అచట కౌన్సిలరు అందురు. సియాటిల్‌లోని చాల ఉన్నత పాఠశాలలయందు ఆవరణలోనే ఒక చిన్న వైద్యశాల యున్నది. అందు జ్వరమునకు, దెబ్బలకు మందిచ్చు నర్సును, మానసికమైన కష్టములు వినువారును ఉందురు. డబ్బు కట్టలేదని ఏ విద్యార్థిని త్రిప్పి పంపరు. ఇంతవఱకు వినుటకు బాగుగానే యున్నది. కాని వాషింగ్టను రాష్ట్రపు చట్టము ప్రకారము, పదుమూడేండ్లు నిండిన బిడ్డ మానసిక చికిత్సకు తల్లిదండ్రుల అనుమతి లేకయే పోవచ్చును. చెప్పినది చెప్పినవారి యొద్దనే ఉండును. తల్లికి కబురు రాదు.

ఆ రాత్రి మా అమ్మాయి వంటయింట గిన్నెలు తోముచు ఏడ్చినది. "పరాయి మనిషికి చెప్పినది గాని నాకు చెప్పలేదమ్మా. నేనేమి తక్కువ చేసితిని?" అన్నది. నాకును కోపము వచ్చినది. పదుమూడేండ్ల పిల్లకు జడ సరిగా వేసికొనుట రాదు. ఆ పిల్లకు తల్లికి తెలియని రహస్యము నిచ్చుట యేమి చట్టమని అల్లుడుగారితో వాదించితిని. ఆయన తలవంచుకొని వినెను. ఆ కోపములో కొంత నేటికిని నాలో మిగిలియున్నది. దాచి వ్రాయుట నాకు చేతగాదు.

కాని ఆ రాత్రి నిదురపట్టక పండుకొనియుండగా మా పినతల్లి కుమార్తె జ్ఞప్తికి వచ్చినది. మేమిద్దఱమును ఒకే యీడువారము. పదునారవ యేట ఆమె ఉన్నట్టుండి మాటలు మానివేసినది. మూడుదినములకు ఒకమారు అన్నము. మా పెద్దలు గాలి సోకినదనిరి, తాయెత్తు కట్టించిరి, ఒక భూతవైద్యుడు వేపమండలు పట్టుకొని వచ్చెను. అదియు పనిచేయకపోగా, పెండ్లి చేసినచో అంతయు సర్దుకొనునని మాఘమాసములో పెండ్లి చేసివేసిరి. ఆమె కాపురము చేసినది, బిడ్డలను కన్నది, ఇప్పుడు మనుమలను ఎత్తుకొనుచున్నది. ఆనాడు ఆమె కేమైనదో మేమెవరమును అడుగలేదు. అడుగవలెనని మాకు తోచలేదు. అడిగినను చెప్పియుండునో లేదో. మాలో ఒకరితో చెప్పిన రహస్యము మాపటికి వీధి మొగవఱకు పోవుచుండెడిది. ఎవరితో చెప్పుట?

జూన్ చివర బడులు మూసిరి. ఆ వేసవి రెండు నెలలును మనుమరాలు నాతో తోటకు వచ్చుచుండెను. మొదట తల్లి పంపగా వచ్చినది, తరువాత తనంతటనే. నేను ఏమియు అడుగలేదు. కలుపు తీయునపుడు ఇద్దఱి చూపులును నేలమీదనే యుండును, ఒకరి ముఖము ఒకరు చూడనక్కఱలేదు. ఆ వెసులుబాటు భోజనపు బల్లవద్ద లేదు. ఒకనాడు బఠాణీ తీగకు పుల్ల గుచ్చుచు, తనతో చదివిన యొక స్నేహితురాలు వేఱు బడికి పోయినదనియు, అటుపిమ్మట తాను భోజనవేళ ఒంటరిగా గ్రంథాలయమున కూర్చుండుచున్నాననియు చెప్పినది. అంతే చెప్పినది. ఇంకను ఉన్నది కాబోలు. నేను పుల్ల పట్టుకొని నిలువబడితిని.

సెప్టెంబరు మాసమున, బడులు తెఱచిన తరువాత, తల్లిదండ్రులను పాఠశాలకు పిలుచు సాయంకాల మొకటి వచ్చినది. ఆ వైద్యశాల తలుపును తెఱచియుంచిరి. పెద్దగది కాదు. రెండు మెత్తని కుర్చీలు, ఒక దీపము, కన్నీళ్లు తుడుచుకొనుటకు కాగితపు డబ్బా, కిటికీలో మట్టికుండలో ఒక మొక్క. నేను వైద్యశాల యనుకొని మందుల వాసన కొఱకు చూచితిని. అచటి యామె మా పిల్ల మాట యెత్తకయే తమ పద్ధతిని మాకు వివరించినది. బిడ్డ ప్రాణమునకు అపాయమున్నదని గాని, ఎవరైనను బిడ్డను హింసించుచున్నారని గాని తెలిసినచో రహస్యము నిలుపరట, చెప్పవలసినవారికి చెప్పుదురట. తక్కిన విషయములలో, తల్లితో చెప్పుకొనుటకు బిడ్డకు ధైర్యము కలిగించుటయే తమ పనిలో మొదటిదని ఆమె చెప్పెను. "తొందరపడకుడు" అన్నది మా అమ్మాయితో. మా అమ్మాయి తల యూపినది. తలుపు దాటగానే, "తొందరపడవద్దనుటకు ఆమె కేమి, ఆమె తల్లి కాదుగా" అన్నది. అదియు నిజమే.

ఈ గదుల ఖర్చెవరిదని నేను అడిగి తెలిసికొంటిని. అందులో ప్రధానమైన భాగము ఆ యూరి యిండ్ల పన్ను. 1990లో నార్మన్ రైస్ గారు, ఆ నగరమునకు ప్రథమ నల్లజాతి మేయరు, పాఠశాల పిల్లల క్షేమమునకు ప్రత్యేకముగా ఒక పన్ను వేయుదుమా యని పౌరులనే అడిగిరి. పౌరులు సమ్మతించిరి. ఏడేండ్లకు 6 కోట్ల 90 లక్షల డాలరులు. గడువు తీరగానే పన్ను దానంతట అదియే నిలిచిపోవును. కావలెనన్నచో మరల అడుగవలెను. 1997, 2004, 2011, 2018 సంవత్సరములలో అడిగిరి, ప్రతిమారును ఇచ్చిరి. 2018 నాటి మొత్తము సుమారు 62 కోట్ల డాలరులు. అందులో పసిపిల్లల బడులు, కళాశాల చదువులు కూడ చేరినవి.

ఇంత యున్నను చాలలేదు. 2022 నవంబరులో ఆ నగరపు ఉత్తరభాగమున ఇంగ్రహాం ఉన్నత పాఠశాలలో తుపాకి ప్రేలి ఒక విద్యార్థి మరణించెను. కొలదిదినములకు నగరములోని విద్యార్థులు తరగతులు విడిచి పురమందిరము ముందు గుమిగూడి, రెండువందలమందికి ఒక కౌన్సిలరైనను కావలెనని అడిగిరి. నా మనుమరాలు అప్పుడు ఎనిమిదవ తరగతి. మఱుసటి సంవత్సరము నగరసభవారు పెద్ద వ్యాపారసంస్థలు అధికవేతనములపై కట్టు పన్నును ఇంచుక హెచ్చించి, విద్యార్థుల మనోరక్షణకు 2 కోట్ల డాలరులు రాబట్టుటకు తీర్మానించిరి. ఆ సొమ్ములో ఎంత యెప్పుడు ఖర్చుపెట్టవలెనన్న విషయమున తరువాత పెద్ద తగవులే జరిగినవి. తీర్మానము వేఱు, సొమ్ము చేరుట వేఱు. ఈ మాత్రము మనకు ఎవరును నేర్పనక్కఱలేదు.

అక్టోబరు మధ్యలో ఒకనాడు తపాలాలో మా అమ్మాయి పేర ఓటుకాగితము వచ్చినది. అచట ఓటు వేయుటకు బారులు తీరి నిలువరు. కాగితము ఇంటికే వచ్చును. మేయరు పేర్ల క్రింద, పిల్లల పన్ను మరల వేయవలెనా యను ప్రశ్న. ఈమారు ఆఱేండ్లకు, 130 కోట్ల డాలరులు. ఆ గదులకును అందులో వాటా కలదు. మా అమ్మాయి కాగితమును భోజనపు బల్లమీద రెండుదినములు అట్లే యుంచినది. ఇంటిమీద అప్పు కట్టుచున్నారు. పన్ను తేలిక కాదు. మూడవనాటి రాత్రి, నేను పెరుగు తోడుపెట్టుచుండగా, ఆమె కలము తీసికొని ఆ ప్రశ్నయెదుట అవునను గడిని నింపినది. నావంక చూడలేదు. ఉదయమున పిల్లయే ఆ కవరును తీసికొనిపోయి గ్రంథాలయము ముందున్న పెట్టెలో వేసివచ్చినది.

నేను బయలుదేరుటకు ముందు ఆదివారము తోటలో గోంగూర మోళ్లు పీకివేసి, ఆ పాదులో వెల్లుల్లి నాటితిమి. అచట వెల్లుల్లిని అక్టోబరులో నాటి, చలియంతయు మట్టిలో ఉంచి, వచ్చు జూలైలో త్రవ్వుదురు. తల్లియు, పిల్లయు వరుసకు అటొకరు ఇటొకరు కూర్చుండి రెబ్బలు గుచ్చిరి. నేను గట్టుమీద కూర్చుండి రెబ్బలు విడదీసి యిచ్చితిని. వారిద్దఱును ఏదో మాటలాడుకొనుచుండిరి. నా చెవి అంత చురుకైనది కాదు.

తెనాలి చేరిన కొలదిదినములకు, నవంబరులో, ఆ పన్ను నెగ్గినదని కబురు వచ్చినది. అదే వారమున మా యింటి పన్ను కాగితము తీసి చూచితిని. ముప్పదియేండ్లుగా కట్టుచున్నాను, ఒక్కమారైనను చదివినదానను కాను. అందులో గ్రంథాలయ సెస్సు అని యొక పద్దు కలదు. 1960 నాటి గ్రంథాలయ చట్టమును బట్టి ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు. మా వీధి చివరి గ్రంథాలయము నా యెనిమిది పైసలతో నడచుచున్నదని నాకు ఇంతకాలము తెలియదు. మరునాడు పోయి సభ్యత్వము తీసికొంటిని.

మనకును ఇట్టివి లేకపోలేదు. పదేండ్లు మొదలు పందొమ్మిదేండ్ల వఱకు గల పిల్లల ఆరోగ్యమునకై కేంద్రప్రభుత్వమువారు 2014 జనవరిలో ఒక పథకము ఆరంభించిరి. ఆస్పత్రులలో వారికి ప్రత్యేకముగా సలహాకేంద్రములు ఉండవలెనని అందులో నిర్ణయము. 2022 అక్టోబరు మొదలు 14416 అను నంబరునకు డబ్బు లేకుండ ఫోను చేసి, తెలుగులోనే మనసులోని కష్టము చెప్పుకొనవచ్చును. మా వీధిలో ఆడువారిని అడిగితిని, ఎవరును వినలేదనిరి. నేను ఒక అట్టమీద ఆ నాలుగువందల పదునారును, దాని ముందు పదునాలుగును పెద్ద అంకెలతో వ్రాసి, మా గేటునకు లోపలివైపున కట్టితిని. బయటివైపున కట్టుటకు మా వారు ఇంకను ఒప్పుకొనలేదు. పదిమందియు మన యింట ఎవరికో ఏదో అయినదనుకొందురట. మా పినతల్లి కుమార్తె మొన్న వచ్చినపుడు ఆ అట్టను చదివి, "ఇది ఎవరికి?" అని అడిగినది. "ఎవరికైనను" అంటిని. ఆమె చాలసేపు అచటనే నిలువబడినది.

నిన్న ఉదయమున మనుమరాలు ఫోను చేసినది. "అమ్మమ్మా, వెల్లుల్లి మొలిచినది, వ్రేలెడు పొడవున్నది" అన్నది. మంగళవారములు ఎట్లున్నవని అడిగితిని. పోవుచునే యున్నదట. "ఈమారు అమ్మను కూడ రమ్మంటిని" అన్నది. తరువాత, తరగతికి గంట కొట్టిరని ఫోను పెట్టివేసినది.